విసిరితే ఆరిపోయే బుడ్డి

నా చిన్నప్పుడు మా ఇంటి పంచలో కిరసనాయిలు, కరిగిన సీసం, పురుగుమందు కలగలిసిన ఒక వాసన ఎప్పుడూ ఉండేది. అది మా తాతయ్య చొక్కా వాసన కూడా. మాది దూదేకుల ఇల్లు. తరాల నుంచీ పత్తి ఏకి పరుపులు కుట్టడమే పని. చిలకలూరిపేట దుకాణాల్లో కుట్టిన పరుపులు దొరకడం మొదలయ్యాక మా అమ్మ ఒక్కతే ఆ పని పట్టుకుని ఉండిపోయింది. తాతయ్య దూది ఏకే విల్లుని అటకెక్కించి రేకు పనిలోకి దిగాడు. పత్తి రైతులు వాడి పారేసిన పురుగుమందు డబ్బాలకి మా ఊళ్ళో కరువు లేదు. వాటిని సున్నంతో, బూడిదతో తోమి, కత్తిరించి, అతుకులకి సీసంతో మాటు వేసి బుడ్డి దీపాలు చేసేవాడు. తొంభైల చివరి రోజులవి. కరెంటు స్తంభాలు ఉండేవి గానీ సాయంత్రం పూట వాటిలో కరెంటు ఉండేది కాదు. మా వీధిలో ఏ ఇంటి గూట్లో చూసినా మా తాతయ్య చేసిన బుడ్డే వెలుగుతుండేది.

ఆ బుడ్డి గురించి కొంచెం చెప్పాలి. నేను చెప్పబోయే గొడవంతా దాని చుట్టూనే జరిగింది. గుప్పిట్లో పట్టేంత రేకు డబ్బా. దాని మూతి మీద అదిమి పెట్టే ఒక మూత. మూత మధ్యలో వేలెడు గొట్టం, అందులో దూది ఒత్తి. రేషన్ షాపులో ఇచ్చే నీలం కిరసనాయిలు పోసి వెలిగిస్తే వంట చేసుకోవడానికీ, పిల్లలు పలకా పుస్తకం చూసుకోవడానికీ సరిపోయేది. ఆ మూతా గొట్టమూ ఒత్తీ కలిపి తాతయ్య బర్నరు అనేవాడు. ఆ మాట పలికేటప్పుడు ఆయన గొంతులో కాస్త దర్జా వచ్చేది. డబ్బా మూతకి బర్నరని పేరు పెట్టగానే ఇంజనీరువి అయిపోయావా నాన్నా అని మా అమ్మ ఆటపట్టించేది.

పక్కింట్లో ఒక అక్క ఉండేది. కనిగిరి వైపు మెట్ట ఊరి పిల్ల. పెళ్ళయి మా వీధికి వచ్చేనాటికి ఇరవై ఏళ్ళు కూడా లేవేమో. నాకు రోజూ జడ వేసేది. వాళ్ళ ఊరి కొండ మీద కోట గురించి చెప్పేది. వాళ్ళాయన రైతు. కౌలుకి పత్తి వేసేవాడు, సొంత చేలో మిరప వేసేవాడు. బయట చాలా మంచివాడని పేరు. పిలిస్తే పలికేవాడు, ఎవరింట్లో చావొచ్చినా ముందుండేవాడు, ముంజలు కొట్టించిన రోజున నాకూ రెండు పెట్టేవాడు. వాళ్ళింటికీ మా ఇంటికీ మధ్య ఒకటే గోడ. ఆ గోడ లేకపోతే నేను కూడా ఆయన్ని మంచివాడనే అనుకునేదాన్ని.

గోడ వల్ల మాకు అన్నీ వినపడేవి. ముందు ఆయన గొంతు లేచేది. తర్వాత గిన్నె పడేది. ఆ తర్వాత మెత్తటి చప్పుళ్ళు. ఏది చెంబు చప్పుడో, ఏది చేతి చప్పుడో, ఏది తల గోడకి తగిలిన చప్పుడో నాకు తెలిసిపోయేది. ఏ పిల్లకీ రాకూడని విద్య అది, నాకు వచ్చేసింది. మా అమ్మ ఆగలేక ఒకసారి వెళ్ళి తలుపు కొట్టింది. ఆయన తలుపు తీసి, ఏం వదినా ఏం కావాలి అని నవ్వుతూ అడిగాడట. వెనకాల అక్క పొయ్యి దగ్గర వీపు తిప్పుకుని కూర్చునుందట. అమ్మ చక్కెర అప్పడిగి వచ్చేసింది. ఆ చక్కెర గిన్నెని మా ఇంట్లో ఎవరూ ముట్టుకోలేదు. తాతయ్య మాత్రం ఎప్పుడూ వెళ్ళేవాడు కాదు. అవతల చప్పుడు మొదలవగానే సుత్తి తీసుకుని రేకు మీద గట్టిగా కొట్టడం మొదలుపెట్టేవాడు. పని మీద శ్రద్ధ అనుకునేదాన్ని.

ఆ ఏడు పచ్చపురుగు పడి పత్తి మొత్తం పోయింది. ఆ దిగులుతోనే పెళ్ళాన్ని కొట్టేవాడని తర్వాత చాలామంది అన్నారు. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పత్తి ఊరందరికీ పోయింది. ఊరందరూ పెళ్ళాలని గోడకేసి కొట్టలేదు. పైగా పత్తి విరగపండిన ఏడు కూడా ఆ గోడ అవతల నుంచి అవే చప్పుళ్ళు వచ్చాయి.

మిరపకాయలు కళ్లాల్లో ఎండి, గోతాల్లోకి తొక్కి, ఇళ్ళకి చేరిన రోజులవి. గుంటూరు యార్డులో ధర పెరిగాక అమ్ముదామని చాలామంది ఇంట్లోనే పెట్టుకున్నారు. పక్కింటి ముందుగదిలో నడవడానికి సందు వదిలి మిగతా అంతా గోతాలే. దీపాలు పెట్టే వేళ నేను పంచలో కూర్చుని ఎక్కాలు చదువుతున్నాను. అవతల ఆయన గొంతు లేచింది. తర్వాత, అంతవరకూ నేను ఎరగని చప్పుడు ఒకటి వినపడింది. రేకు గోడకి తగిలిన చప్పుడు. వెంటనే అక్క కేక పెట్టింది. దెబ్బలు తినేటప్పుడు ఆమె అరిచేది కాదు, పళ్ళు బిగబట్టుకునేది. అలాంటిది ఆ కేక ఆగకుండా సాగింది. ఎదురింటి అరుగు మీద మగవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఒకాయన తల తిప్పి చూసి, మళ్ళీ కబుర్లలో పడ్డాడు. మొగుడూ పెళ్ళాల గొడవ అనుకుని ఉంటాడు.

అప్పుడు పొగ వచ్చింది. మిరపకాయ కాలితే ఎలా ఉంటుందో మా వైపు వాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. పోపులో ఒక ఎండు మిరపకాయ మాడితేనే ఇల్లంతా దగ్గుతుంది. అక్కడ గోతాలకి గోతాలు అంటుకున్నాయి. కళ్ళు తెరవలేకపోయాం, గొంతులో నిప్పు పోసినట్టయింది. పిల్లలు ఏడవడానికి కూడా ఊపిరి అందక గిలగిల్లాడారు. వీధి మొత్తం లేచి పరిగెత్తుకొచ్చింది. అక్క కేకకి లేవని వాళ్ళందరూ ఆ ఘాటుకి లేచారు. మా అమ్మ ఒక పరుపు గుడ్డని తొట్టిలో ముంచి, తల మీద కప్పుకుని లోపలికి వెళ్ళింది. అక్కని అందులో చుట్టి ఈడ్చుకొచ్చింది. ఎడమ చెయ్యి, భుజం, మెడ కాలిపోయాయి. జుట్టు ఒక పక్కన లేదు. రవిక గుడ్డ చర్మానికి అంటుకుని ఉంది. వాళ్ళాయన కూడా లోపలికి వెళ్ళాడు, దగ్గుతూ, ముక్కుకి తువ్వాలు కట్టుకుని. గోతాలు బయటికి లాగుతున్నాడు.

చిలకలూరిపేట ఆసుపత్రి నుంచి కట్లతో వచ్చిన అక్కని అమ్మ మా ఇంట్లోనే పడుకోబెట్టింది. ముందుగది కాలిపోయింది కాబట్టి ఎవరూ అడ్డు చెప్పలేదు. ఈలోగా ఊళ్ళో ఒక కథ తయారైంది. దీపం పేలిందట. సాయిబు డబ్బాలతో చేసిన దీపం, పురుగుమందు అంతా కడగకుండా చేసిన దీపం, గూట్లో ఉన్నది ఉన్నట్టే పేలిందట. పక్కింటాయనే చెప్పాడు, కళ్ళ నీళ్ళతో. మిరప ఘాటుకి అందరి కళ్ళల్లోనూ నీళ్ళే.

అక్క వచ్చిన మర్నాడు పొద్దున్నే జనం మా పంచ మీద పడ్డారు. తయారై ఉన్న బుడ్లన్నీ వీధిలోకి విసిరి కాళ్ళతో తొక్కారు. కత్తెర, కొలిమి తిత్తి, మాటు వేసే కడ్డీలు కాలవలోకి పోయాయి. ఒకడు తాతయ్య చొక్కా పట్టుకుని లాగాడు, ఇంకొకడు చెంప మీద కొట్టాడు. కింద పడ్డాక ఎవరి కాలు ఎక్కడ తగిలిందో నేను చూడలేకపోయాను. అందరూ మాకు తెలిసినవాళ్ళే, మా పరుపుల మీద పడుకునేవాళ్ళే. అమ్మ అడ్డం వెళితే ఆమెని తోసేశారు. నేను ఒకాయన చెయ్యి కొరికాను. ఆ ఉప్పటి రుచి నాకు ఇంకా తెలుస్తుంది, కొరికినందుకు ఈ రోజుకీ విచారం లేదు. మా వీధి పెద్దాయన వచ్చి చాలు చాలనేదాకా కొట్టారు. ఆయన గుమ్మంలో నిలబడి, లోపల పడుకున్న అక్కని అడిగాడు, ఏం జరిగిందమ్మా అని. పక్కనే వాళ్ళాయన ఉన్నాడు. పేలిందండి అంది అక్క.

పెద్దాయన అక్కడే తీర్పు చెప్పేశాడు. తప్పు దీపానిది. పుళ్ళు ఆరగానే అమ్మాయి కాపురానికి వెళ్ళిపోవాలి, పరాయి ఇంట్లో ఎన్నాళ్ళని ఉంటుంది. ఈలోగా సాయిబు పేలని దీపం చేసి ఊరందరి ముందూ చూపించాలి, చేతకాకపోతే ఈ పని మానేయాలి. తాతయ్య పెదవి పగిలి రక్తం కారుతోంది. సరేనండి, చేసి చూపిస్తాను అన్నాడు. అంతకు మించి ఒక్క మాట అనలేదు. నాకు ఆయన మీద కోపం ముంచుకొచ్చింది.

అందరూ వెళ్ళాక ఆయన కాలిన ఇంట్లోకి వెళ్ళి, బూడిదలో వెతికి, ఆ బుడ్డిని పట్టుకొచ్చాడు. అమ్మకి చూపించాడు. లోపల ఆవిరి నిండి పేలితే రేకు బయటికి ఉబ్బుతుంది, మాటు విడిపోతుంది. దీని మాటు చెక్కుచెదరలేదు. ఒక పక్క లోపలికి సొట్ట పడింది. మూత ఊడి ఎక్కడికో పోయింది. ఇది పేలింది కాదు, గోడకి తగిలింది. మరి ఇందాకే ఎందుకు చెప్పలేదు అని అమ్మ గట్టిగా అడిగింది. చెప్తే వినే పరిస్థితా అని ఆయన అక్క మంచం దగ్గరికి వెళ్ళాడు. సొట్ట ఆమెకి చూపించాడు. అక్క బాగున్న చేత్తో ఆ సొట్టని తడిమింది.

"పేలిందనే అనుకో తాతా," అంది.

ఎందుకలా అందో అమ్మ తర్వాత నాకు చెప్పింది. కనిగిరి వైపు ఆమెకి ఉన్నది ఒక్క అన్న. వాన లేని చేను, ఇంటినిండా పిల్లలు. పెళ్ళి చేసి పంపేటప్పుడే ఇక ఆ ఇంటి వైపు చూడొద్దని చెప్పాడట. మా ఇంట్లోనే ఉండిపో అని అమ్మ ఎన్నిసార్లు అన్నా, పెద్దాయన మాట కాదని ఈ ఊళ్ళో ఎవరుంటారు వదినా అనేది. పుండు ఒక్కొక్క చోట ఆరుతూ వచ్చింది. కాలిన పుండు ఆరుతుంటే దిగులు పడే మనుషుల్ని నేను మొదటిసారి చూశాను.

తాతయ్య కొత్త సుత్తి, అరువు కత్తెరతో మళ్ళీ కూర్చున్నాడు. పేలకుండా ఉండాలన్నారు కాబట్టి మొదట ఆవిరి పోయేందుకు మూతకి సన్నటి చిల్లు పెట్టాడు. తర్వాత, గూట్లోంచి జారి పడితే ఏమవుతుందో చూడటానికి వెలిగించిన బుడ్డిని అంత ఎత్తు నుంచి వదిలి చూశాడు. చిల్లులోంచి నూనె చింది పంచ నేలంతా భగ్గుమంది. గోనె పట్టా వేసి ఆర్పబోయి చెయ్యి కాల్చుకున్నాడు. గొట్టం పొడుగు చేశాడు, డబ్బా అడుగుని బరువు చేశాడు. ఈసారి పడినా నిలబడింది. ఆయన మొహం వెలిగింది. మంచం మీద నుంచి అక్క ఇదంతా చూస్తూనే ఉంది.

"గూట్లోంచి జారిపడే దీపం సంగతి కాదు తాతా," అంది. "గోడకేసి కొట్టి చూడు."

తాతయ్య చేతిలోని సుత్తి కింద పెట్టేశాడు. అక్క వైపు చూడకుండానే అన్నాడు: "నాకు వినపడేదమ్మా. వినపడకుండా ఉండాలని రేకు మీద కొట్టేవాణ్ణి."

అది కూడా అక్కకి తెలిసే ఉంటుంది. గోడకి అవతల నుంచి ఇటు చప్పుడు కూడా వినపడుతుంది కదా.

ఆ రోజు నుంచి తాతయ్య పని తీరే మారిపోయింది. అంతకు ముందు చేసిన ప్రతి బుడ్డీ బుద్ధిగా గూట్లో కూర్చునే బుడ్డి. దాన్ని ఒక మనిషి కోపంతో పట్టుకుంటాడని ఆయన ఎప్పుడూ అనుకోలేదు. విసిరింది వాడే గానీ, విసిరితే మండేట్టు చేసింది నేనే కదా అని అమ్మతో అన్నాడు. అదిమి పెట్టే మూత తగలగానే ఊడిపోతోంది, నూనె అంతా ఒక్కసారి ఒత్తి మీద పడుతోంది. పురుగుమందు డబ్బాలకి మరతో బిగించే మూతులుంటాయి. ఆ మూతిని కోసి బుడ్డికి మాటు వేశాడు. ఇక మూత ఊడటం మానేసింది. ఆవిరి పోయే చిల్లుని తీసేసి, దాని బదులు వంకర తిరిగిన సన్నటి గొట్టం పెట్టాడు. గాలి పోతుంది గానీ నూనె రాదు. అమ్మ దూదిని గట్టిగా పేని గొట్టం నిండా దూరేటంత ఒత్తి చేసింది. అయినా మంట మిగిలిపోతోంది. గోడకి తగిలి కింద పడ్డాక కూడా ఒత్తి కొసన ఇంత నిప్పు నీలంగా ఆడుతూనే ఉంది. అక్క దాన్నే చూస్తూ కూర్చునేది.

దానికి విరుగుడు ఒక చిన్న రేకు టోపీ. ఒత్తి వెనకాల ఒక తీగ మీద వదులుగా నిలబడి ఉంటుంది, కింద సీసం గుండు బరువుకి. బుడ్డి తిన్నగా ఉన్నంత సేపూ టోపీ వెనక్కి వాలి ఉంటుంది. బుడ్డి వంగిందో, ఎగిరిందో, టోపీ ముందుకి పడి మంటని మూసేస్తుంది. గుండు ఎంత ఉండాలో తేలడానికి చాలా రేకు ఖర్చయింది. కొన్ని టోపీలు ఊపిరి తగిలినా పడిపోయాయి, కొన్ని బుడ్డి తలకిందులైనా కదల్లేదు. మా ఇంటి వెనక గోడ నిండా సొట్టల గుర్తులు, మసి మరకలు. ఒకసారి అక్క కూడా లేచి వచ్చి, బాగున్న చేత్తో బుడ్డి తీసుకుని గోడకి విసిరింది. ఆరిపోయింది. ఇంకోటి విసిరింది. ఇంకోటి. ఆమె పెదవులు కదులుతున్నాయి, ఏవో తిట్లు, మాకు వినపడనంత చిన్నగా. తాతయ్య వెలిగించి అందిస్తూ పోయాడు.

పుళ్ళు ఆరాయని నర్సమ్మ చెప్పిన వారంలోనే ఊరికి చూపించే రోజు పెట్టారు. పాల కేంద్రం ముందు, పొద్దు వాలుతుండగా. సాయంత్రం పాలు పోయడానికి అందరూ అక్కడికే వస్తారు. పెద్దాయన కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. అమ్మ అక్కని తీసుకొచ్చి ఆడవాళ్ళ వరసలో, గోడకి బాగా దూరంగా నిలబెట్టింది. మర్నాడు పొద్దున ఆమెని పక్కింటికి పంపించాలని అప్పటికే మాట అయిపోయింది. బట్టల మూట కూడా కట్టేసి ఉంది. ఆ సాయంత్రం దీపం బాగా పనిచేస్తే అక్క వెళ్ళిపోతుందని నాకు తెలుసు. అందుకని, దేవుడా ఆ బుడ్డి మండిపోవాలి అని మనసులో మొక్కుకున్నాను.

తాతయ్య ఒక బుడ్డి వెలిగించి, తనే కేంద్రం గోడకి విసిరాడు. తగిలి, కింద పడి, ఆరిపోయింది. ఒక్క చుక్క నూనె కారలేదు. జనం ముందుకి జరిగారు. మీరూ చూడండి అని పెద్దాయన చేతికి ఒకటి ఇచ్చాడు. ఆయన కుర్చీలోంచి లేచి, గోలీ వేసినట్టు కిందనుంచి మెల్లగా విసిరి తనే నవ్వుకున్నాడు. ఇంకొకాయన చెయ్యి గుండ్రంగా తిప్పి విసిరితే బుడ్డి గోడ దాటి అవతల పడింది. అందరూ నవ్వారు. ఒకావిడ విసరడానికి భయపడి కళ్ళు మూసుకుంది. మండే దీపాన్ని విసరాలంటే అలవాటు లేని చెయ్యి ఒక క్షణం ఆగుతుంది. అక్కడున్న అందరి చేతులూ ఆగాయి.

అప్పుడు తాతయ్య ఇంకో బుడ్డి వెలిగించి పక్కింటాయన దగ్గరికి నడిచాడు.

"ఇల్లు కాలింది నీది బాబూ. నీకు నమ్మకం కుదరాలి. నువ్వు విసిరితేనే ఇది తేలినట్టు," అన్నాడు.

ఆయన చుట్టూ చూసి నవ్వాడు. బుడ్డి అందుకున్నాడు. చెయ్యి వెనక్కి తీయలేదు, గురి చూడలేదు, ఆగలేదు. మోచేతి దగ్గర్నుంచి ఒక్క విదిలింపు, ఇరుకు గదిలో విసిరేవాడి విసురు. బుడ్డి సర్రున వెళ్ళి గోడకి ఆడమనిషి మొహం ఎత్తులో తగిలింది. కింద పడి ఆరిపోయింది.

దీపాన్ని చూడాల్సినవాళ్ళెవరూ దీపాన్ని చూడలేదు. అంత దూరంలో, ఆడవాళ్ళ వరసలో నిలబడ్డ అక్క, రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని మోకాళ్ళ మీద కూలబడి ఉంది. ఆయన ఆమె వైపు కనీసం తిరగలేదు కూడా. ఆ చెయ్యి అలా కదిలింది, ఈ చేతులు ఇలా లేచాయి, అంతే. కొత్తగా ఆరిన చర్మం సాగి మోచేతి దగ్గర చిట్లి, రక్తం మణికట్టు దాకా కారుతోంది. ఆమె చేతులు దించలేదు. రెండో దెబ్బ కోసం ఆగి ఉంది.

పాలు పోసే మనిషి చేతిలో కొలపాత్ర అలాగే ఉండిపోయింది. పెద్దాయన అక్కని చూశాడు, తర్వాత వాళ్ళాయన చేతిని చూశాడు. తాతయ్య వంగి ఆ బుడ్డిని తీసుకుని, తువ్వాలుతో తుడిచి, పెద్దాయన కుర్చీ పక్కన పెట్టాడు.

"దీపం ఆరిపోయిందండి. నా పని అయిపోయింది. మిగతాది మీ పని," అన్నాడు.

ఆ తర్వాత జరిగింది మీరు ఊహించుకోగలరు. మొదటి దెబ్బ ఎవరు కొట్టారో తెలియదు. ఒక్కసారిగా అందరూ పక్కింటాయన మీద పడ్డారు. పాల క్యాన్ల మూతలతో, చెప్పులతో, పత్తి కట్టెలతో. పళ్ళు రాలాయి. ఆయన నేల మీద పాకుతుంటే కాళ్ళతో తన్నారు. మా పంచ మీద పడి తాతయ్యని కొట్టిన వాళ్ళే ఆ రోజూ ముందున్నారు. వాళ్ళలో ఏ ఒక్కరూ తాతయ్య దగ్గరికి వచ్చి పొరపాటైందని అనలేదు, చచ్చేదాకా అనలేదు. అయినా ఆ సాయంత్రం నాకు మహా సంతోషం వేసింది. ఎందుకు దాచాలి? ఎగిరి ఎగిరి చూశాను. ఇంకా కొట్టండి అని అరిచాను కూడా.

అప్పుడు తాతయ్య వచ్చి, కాలిన చేత్తో నా గడ్డం పట్టుకుని, మొహాన్ని ఆ గుంపు మీద నుంచి పక్కకి తిప్పాడు.

"అటు కాదమ్మా, ఇటు చూడు. కొట్టేవాళ్ళని అందరూ చూస్తారు," అన్నాడు.

ఇటు అక్క ఉంది. ఇంకా అలాగే, చేతులు మొహానికి అడ్డం పెట్టుకుని. మొగుణ్ణి చితకబాదుతున్నారన్న సంగతి ఆమెకి తెలియనే లేదు. ప్రతి దెబ్బ చప్పుడికీ ఆమె భుజాలు ఎగిరిపడుతున్నాయి. ఆ దెబ్బలన్నీ తనకే తగులుతున్నట్టు. నా అరుపుకి కూడా ఎగిరిపడే ఉంటుంది. అమ్మ ఆమె ఎదురుగా మట్టిలో కూర్చుని ఒక చెయ్యి దించింది. నేను వెళ్ళి రెండో చెయ్యి పట్టుకున్నాను. అది దిగడానికి చాలాసేపు పట్టింది. వేలు తర్వాత వేలు వదులు చేస్తూ, అక్కా నేనే అక్కా అంటూ కూర్చున్నాను. నా పక్కన తాతయ్య ఏడుస్తున్నాడు.

అక్క మర్నాడు పక్కింటికి వెళ్ళలేదు. ఆ తర్వాతా వెళ్ళలేదు. పెద్దాయన ఇక ఆ మాట ఎత్తలేదు. ఆమె మా ఇంట్లో ఉండి అమ్మ దగ్గర పరుపులు కుట్టడం నేర్చుకుంది. తర్వాత చిలకలూరిపేటలో జిన్నింగు మిల్లులో పనికి కుదిరి అక్కడే గది తీసుకుంది. ఇప్పటికీ ఫోన్ చేస్తుంది, నన్ను జడ వేసుకున్నావా అని అడుగుతుంది, నాకు అక్కడక్కడా జుట్టు నెరుస్తున్నా సరే. తాతయ్య టోపీ బుడ్లు చుట్టుపక్కల ఊళ్ళకి చాలా వెళ్ళాయి. కరెంటు నిలబడ్డాక వాటి అవసరం తీరిపోయింది. పక్కింటాయన కొన్నాళ్ళకి ఊరు వదిలి, ఎక్కడో మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడని విన్నాం. ఆ పిల్ల ఇంటి గోడ పక్కన ఎవరుండేవారో నాకు తెలియదు. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడు నిద్ర పట్టదు.

నేను గుంటూరులో నర్సుని. చాలా ఏళ్ళుగా కాలిన గాయాల వార్డులోనే ఉన్నాను. స్టవ్ పేలిందంటారు, గ్యాస్ లీకయిందంటారు, చీర కొంగు అంటుకుందంటారు. చాలాసార్లు అది నిజమే. చెప్పే మొగుడు ఏడుస్తుంటాడు. కొత్తగా వచ్చిన పిల్లలు ఆయన మొహం చూస్తూ నిలబడతారు, పాపం అని. నేను ఆయన్ని చూడను. ఆయన దుప్పటి సర్దడానికి మంచం మీదకి వంగినప్పుడు, మంచం మీద ఉన్న ఆమె చేతులని చూస్తాను. అవి కదిలాయంటే, ఎంత కొంచెం కదిలినా సరే, ఆయన్ని మందుల షాపుకి పంపేస్తాను. తలుపు వేస్తాను. స్టూలు లాక్కుని ఆమె పక్కన కూర్చుంటాను. ఏం జరిగిందమ్మా అని వెంటనే అడగను. ఆ చేతులు కిందికి దిగేదాకా ఆగుతాను.